సున్నం వెయ్యని సమాధి

మాచర్లలో బోరు నీళ్లు ఎవరికీ కలిసిరావు. కాచిన గిన్నెలో తెల్లటి పొర కడుతుంది, కుళాయి మూతి మూసుకుపోతుంది, కొత్తగా కాపురానికి వచ్చిన కోడళ్లు జుట్టు ఊడిపోతోందని పుట్టింటికి ఫోన్లు చేస్తారు. తవ్వితే సున్నపురాయి, నడిస్తే నాపరాయి. అలాంటి ఊళ్లోకి మా చెల్లెలు గంధరాజం మొక్కని తెచ్చింది. కడియం నుంచి వచ్చే నర్సరీ వ్యానువాడు ఎక్కడ పెట్టినా బతికేస్తుందని చెప్పి అమ్మాడట. వాడి నోరు మంచిదే. మా నేల గురించి వాడికేం తెలుసు?

మాది బస్టాండు దారిలో బ్యాటరీల షాపు. నాన్న, నేను కలిసి నడుపుతాం. ఇద్దరి చొక్కాలకీ యాసిడ్ పడి కన్నాలుంటాయి. పెళ్లికి వెళ్లినా ఆ కన్నాలే మమ్మల్ని పట్టిస్తాయి. మేం ముస్లింలమే గానీ మా ఇంట్లో ఉర్దూ లేదు. నమాజుకి అరబ్బీ, దెబ్బలాటకి తెలుగు. దెబ్బలాటలే ఎక్కువ కాబట్టి తెలుగు బాగా వచ్చింది. చెల్లెలు నాకంటే చాలా చిన్నది. వ్యవసాయ డిప్లొమా చదివేది. మనకి సెంటు భూమి లేదు, నీకెందుకే వ్యవసాయం అని నేను ఏడిపిస్తే, "మీ బ్యాటరీల్లోనే నాట్లు వేస్తాలే అన్నా" అనేది.

మొక్కని డాబా మీద కుండీలో పెట్టింది. నెల తిరక్కుండా ఆకులు పసుపుబారాయి. ఆకంతా పసుపు, ఈనెలు మాత్రం ఆకుపచ్చగానే ఉన్నాయి. అమ్మ నీళ్లు చాలలేదంది. నాన్న ఎరువు చాలలేదన్నాడు. నేను దానికి మన ఊరు నచ్చలేదన్నాను. ముగ్గురిలో నేనే సగం నిజం చెప్పానని చెల్లెలు తేల్చింది.

"మట్టిలో ఇనుము ఉంది నాన్నా. సున్నం ఎక్కువయ్యేసరికి అది వేరుకి అందట్లా. గిన్నెలో అన్నం ఉంది, మూతే రావట్లా" అంది.

ఆ మూత ఎంత బిగుసుకుందో చెప్పే కొలతే పీహెచ్ అని మాకు ఆ రోజే తెలిసింది. ఏడు అంటే నడిమధ్య. పైకి పోతే సున్నం వైపు, కిందికి వస్తే పులుపు వైపు. గంధరాజానికి ఆరు దగ్గర ఉంటే హాయి. చెల్లెలు ఫోన్లో ఆర్డర్ పెట్టి ఒక మీటరు తెప్పించింది. లావుపాటి పెన్నులా ఉంటుంది. మొన గాజుది, ఎండిపోకూడదు. దానితో వచ్చిన పొడిని నీళ్లలో కలిపి ముందు మీటరునే సరిచూసుకోవాలి, ఆ తర్వాతే మొక్కని. మా బోరు నీళ్లలో ముంచితే ఎనిమిది దాటి చూపించింది.

నాన్నకి ఆ పెన్ను తెగ నచ్చేసింది. బ్యాటరీలో యాసిడ్ గ్రావిటీ, అంటే చిక్కదనం, చూసే గాజుగొట్టంతో బతికిన మనిషి. ఏదైనా ముంచి అంకె చూడటమంటే ఆయనకి పండగ. టీ ఎంత, మజ్జిగ ఎంత, పచ్చిపులుసు ఎంత అని ఇంట్లో ఉన్నవన్నీ ముంచాడు. "పిచ్చి కుదిరింది, రోకలి తలకి చుట్టమన్నాడంట" అని అమ్మ గొణిగింది. ఒకరోజు నాన్న షాపు నుంచి చిన్న సీసాలో యాసిడ్ తెచ్చి, ఒక్క చుక్క వేస్తే కుండీ దారికొస్తుందన్నాడు. చెల్లెలు సీసా లాక్కుంది.

"అది మొక్క నాన్నా. ఆటో బ్యాటరీ కాదు."

తను వంటింట్లోంచి నిమ్మ ఉప్పు తీసుకొచ్చి, బకెట్టు నీళ్లలో చిటికెడు వేసి కలిపి, పెన్ను ముంచి, మళ్లీ చిటికెడు వేసేది. ఆరు పైన కొంచెం చూపించాక ఆపేది. అమ్మ నిమ్మ ఉప్పు డబ్బా తీస్తే ఖాళీ. "ఈసారి వంటింట్లో చెయ్యి పెట్టావంటే సున్నంలోకి ఎముక లేకుండా కొడతా" అని అరిచేది. కొట్టిన పాపాన మాత్రం పోలేదు. కొత్త ఆకులు ముదురు ఆకుపచ్చగా వచ్చాయి. ఎండాకాలం వెళ్లేముందు మొదటి పువ్వు పూసింది. డాబా మీద పూస్తే వాసన వీధిలోకి దిగింది. చెల్లెలు దాన్ని కోసి అమ్మ జడలో పెట్టింది.

ఆ వానాకాలంలోనే తనకి జ్వరం వచ్చింది. మామూలు జ్వరమే అనుకున్నాం. ప్లేట్‌లెట్లు పడిపోయాయన్నారు, గుంటూరు తీసుకెళ్లాం. వెళ్లేటప్పుడు చెల్లెలు నా భుజం మీద తల పెట్టుకుని, నడికుడి దాకా మాట్లాడుతూనే ఉంది. తిరిగి వచ్చేటప్పుడు తనని తెల్లగుడ్డ కప్పి తెచ్చాం. ఇంతకంటే నాకు చెప్పడం రాదు.

మా ఊళ్లో ఆడవాళ్లు ఖబరస్తాన్ లోపలికి రారు. ఎవరు పెట్టారో ఆ నియమం, ఎందుకు పెట్టారో, నేను అడగలేదు, అడిగినా చెప్పేవాళ్లు లేరు. గోడ బయట నిలబడి పోయినవాళ్ల కోసం ఫాతెహా చదువుకుని వెళ్లిపోతారు. గోడ అమ్మ భుజం ఎత్తు ఉంటుంది. చెల్లెలి సమాధి ఆ గోడకి దగ్గర్లోనే. అప్పటికి అటువైపు అదే చివరిది. చుట్టూ నాపరాళ్లు నిలబెట్టి, మధ్యలో మట్టి వదిలాం. మా ఊళ్లో అన్నీ అలాగే ఉంటాయి. ప్రతి శుక్రవారం సాయంత్రం అమ్మ వెళ్లి గోడ మీద చేతులు ఆనించి నిలబడేది.

నాన్న డాబా మీది గంధరాజాన్ని ఆ సమాధి తల దగ్గర నాటతానన్నాడు. అందరూ సబ్జానో గోరింటో వేస్తారు, ఏ నేలలో వేసినా అవి మొండిగా పెరుగుతాయి. కుండీలో ఉంటేనే ఇది నిలుస్తుందని నేను చెప్పాను. "కుండీలో పెట్టి ఎవరికోసం పెంచాలిరా?" అన్నాడు. మోకాలి లోతు గొయ్యి తవ్వి, సున్నపురాళ్లన్నీ ఏరేసి, బయటినుంచి తెచ్చిన ఎర్రమట్టి, చివికిన ఆకు నింపి నాటాడు.

అప్పట్నుంచి శుక్రవారం నమాజు అయ్యాక స్కూటరు మీద నీళ్ల డబ్బా పెట్టుకుని ఖబరస్తాన్‌కి వెళ్లడం ఆయనకి అలవాటయింది. బోరు నీళ్లు కాదు. షాపులో బ్యాటరీలకి పోసే డిస్టిల్డ్ వాటర్, సున్నం చుక్క కూడా లేనిది, అందులో చిటికెడు నిమ్మ ఉప్పు. నెలకోసారి గుప్పెడు మట్టి తీసి, గ్లాసులో ఆ నీళ్లతోనే కలిపి, తేరనిచ్చి, పెన్ను ముంచేవాడు. జేబురుమాలుతో పెన్ను మొన అద్ది, తడి దూది పెట్టిన మూతలో దాచేవాడు. పెన్నుని ఆయన అంత పదిలంగా పట్టుకోవడం చూస్తే నాకు ఏడుపొచ్చేది. కోపం కూడా వచ్చేది. పిల్ల పోయాక కూడా అంకెలు చూసుకుంటాడేంది ఈ మనిషి అనిపించేది. ఆయన చూస్తోంది అంకెలు కాదని తెలియడానికి నాకు కొంతకాలం పట్టింది.

షబేబరాత్ వచ్చింది. పోయిన వాళ్ల పేరున దువా చేసే పండుగ. దానికి ముందు రోజుల్లో ఊళ్లో మగవాళ్లంతా బకెట్లు, కుంచెలు పట్టుకుని ఖబరస్తాన్‌కి వచ్చి, తమ వాళ్ల సమాధులకి సున్నం కొడతారు. పిడుగురాళ్ల సున్నం బట్టీలు పక్కనే ఉన్నాక మాకు సున్నానికి కరువేంటి? రాళ్లకీ మట్టికీ కలిపి దట్టంగా కొట్టేస్తారు. నాన్న, నేను కూడా కొట్టాం. పండుగ రోజు అమ్మ గోడ దగ్గరికి వచ్చి చూసి, "తెల్లగా ఉందిరా. బాగుంది" అంది. బిడ్డ పోయాక ఆమె నోటి నుంచి బాగుంది అనే మాట రావడం అదే మొదటిసారి.

తర్వాత ఒక అకాల వాన పడింది. సున్నం కరిగి మట్టిలోకి దిగింది. మొక్క లేత ఆకులు పసుపుబారాయి, ఈనెలు మాత్రం పచ్చగా నిలిచాయి. నాన్న గ్లాసులో మట్టి కలిపి చూస్తే తొమ్మిది. పైమట్టి తీసేసి కొత్త మట్టి పోశాడు. ఎరువుల కొట్లో గంధకం పొడి వెయ్యమన్నారు, కానీ అది పని చెయ్యడానికి నెలలు పడుతుందన్నారు. అదీ వేశాడు. డబ్బాలకి డబ్బాలు నీళ్లు మోశాడు. షాపులో కస్టమర్ వచ్చి డిస్టిల్డ్ వాటర్ అడిగితే లేదని నేనే చెప్పి పంపించాను. ఏడాది తిరిగేసరికి అంకె ఆరున్నరకి వచ్చింది, ఆకు తేరుకుంది.

మళ్లీ పండుగ దగ్గర పడింది. ఆ ఉదయం నాన్న వంటింటి గుమ్మం దగ్గర నిలబడి అమ్మకి చెప్పాడు.

"ఏమే, ఈసారి పిల్లకి సున్నం వెయ్యటం లేదు. చెట్టుకి పడట్లేదు."

అమ్మ రొట్టెలు చేస్తోంది. తల ఎత్తలేదు. "అందరివీ తెల్లగా ఉండి, నా బిడ్డది మట్టి కొట్టుకుపోయి ఉంటే చూసినోళ్లు ఏమనుకుంటారు? దిక్కులేనిదనుకోరా?"

"అనుకోనీ."

"నువ్వు లోపలికి పోయి చెట్టుని చూసుకుంటావు. నాకు గోడ అవతల నించి ఏం కనపడుద్ది? ఆ తెలుపే గదా కనపడేది. చెట్టు ముఖ్యమా నీకు, పిల్ల ముఖ్యమా?"

"చెట్టు పిల్లదేనే."

"సమాధి పిల్లది కాదా?"

నాన్న నా వైపు చూశాడు. ఇద్దరిదీ నిజమే. నేను చెప్పులు వేసుకుని షాపుకి వెళ్లిపోయాను.

నాన్న మాటే నెగ్గింది. అలా నెగ్గినందుకు ఆయన సంతోషపడలేదు. పండుగ రోజు ఖబరస్తాన్ మొత్తం తెల్లగా మెరుస్తుంటే, చెల్లెలి సమాధి ఒక్కటే మట్టి రంగులో ఉంది. గోడ దగ్గర ఆడవాళ్లు ఒకరి చెవిలో ఒకరు ఏదో అనుకున్నారు. అమ్మ ఫాతెహా చదివి, ఎవరి ముఖమూ చూడకుండా ఇంటికొచ్చింది. చాలా రోజులు నాన్నతో అవసరానికి తప్ప మాట్లాడలేదు. అన్నం పెట్టేది, పక్కన కూర్చునేది కాదు.

ఎండలు ముదిరాక గంధరాజం మొగ్గ వేసింది. నేలలో నాటాక మొదటి పువ్వు. నాన్న దాన్ని కొయ్యాలా వద్దా అని సమాధి దగ్గర కూర్చుని చాలాసేపు ఆలోచించాడు. చివరికి కోసి, తడి గుడ్డలో చుట్టి, షాపు కూడా తెరవకుండా ఇంటికి తెచ్చి అమ్మ చేతిలో పెట్టాడు. అమ్మ దాన్ని వాసన చూసింది. జడలో పెట్టుకోలేదు. కొంగులో పెట్టుకుని గోడకి జారగిలబడి కూర్చుంది. తను ఏడవడం అయ్యాక చెప్పింది.

"వచ్చే ఏడు కూడా సున్నం వెయ్యమాకండి. అన్నీ తెల్లగా ఉంటే, తెల్లగా లేనిది నా బిడ్డదే గదా. నాకు తెలిసిపోద్దిలే."

అప్పట్నుంచి ఆమె అలాగే గుర్తుపట్టేది. ఈలోగా గోడకీ చెల్లెలికీ మధ్య కొత్త సమాధులు వచ్చాయి. ముందులా ఇదే దగ్గరిది, ఇదే చివరిది అనే ఆనవాలు పోయింది. ఎన్ని వచ్చినా అమ్మ చూపు నేరుగా ఆ మట్టి రంగు దగ్గరికే వెళ్లేది. పక్కన ఎవరైనా ఏందమ్మా సున్నం వెయ్యలేదని అడిగితే, "చెట్టుకి పడదంట" అని చెప్పేది. చెప్పేటప్పుడు గొంతులో కొంచెం గొప్ప కూడా వినిపించేది. తన కూతురు తెచ్చిన మొక్క ఊళ్లో అందరి మొక్కల్లాంటిది కాదు మరి.

మా వీధిలో తాపీ పని చేసే పెద్దాయన ఒకాయన ఉన్నాడు. అమ్మని చెల్లెమ్మా అంటాడు, అందుకని మేం ఆయన్ని మామా అంటాం. భార్య పోయి ఒంటరిగా ఉంటున్నాడు. మా చెల్లెలు చిన్నప్పుడు ఆయన సైకిలు ముందు బుట్టలో కూర్చుని వీధంతా తిరిగింది. మనిషి ఎంత మంచివాడంటే, ఎవరైనా సాయం అడగడం ఆలస్యమైతే ఆయనకే తోచదు. ఒక ఏడు పండుగకి ముందురోజు నేను, నాన్న నీళ్ల డబ్బాతో లోపలికి వెళ్లేసరికి ఆయన చెల్లెలి సమాధి దగ్గర కూర్చుని కుంచె విదిలిస్తున్నాడు. మోచేతుల దాకా సున్నం. సమాధి పాలలా తెల్లగా ఉంది.

"రా బావా" అన్నాడు నాన్నతో. "మా ఇంటిదానికి కొడదామని వచ్చా. ఇంకా సున్నం మిగిలింది. చూస్తే మన పిల్లదొక్కటే మాసిపోయి ఉంది. నాకు మనసొప్పలా. మీకు తీరిక లేదేమోనని రెండు పట్లు వేశా. చెట్టు కూడా వాడినట్టు ఉంది, బకెట్టు కడిగి ఆ నీళ్లు దాని మొదట్లోనే పోశా."

నాన్న చేతిలో డబ్బా అలాగే ఉంది. మొక్క చుట్టూ తెల్లటి నీళ్లు ఇంకా ఇంకుతూ ఉన్నాయి. ఇప్పుడు నాన్న ఏదో ఒకటి అనేస్తాడు, ఇద్దరు ముసలాళ్ల మధ్య నేను నిలబడాల్సి వస్తుందని భయపడ్డాను.

"మంచి పని చేశావు బావా" అన్నాడు నాన్న. "చేతులు కడుక్కో. సున్నం చేతుల్ని తినేస్తది." తన డబ్బాలో నీళ్లు వంచి ఆయన చేతులు కడిగించాడు. మొక్క కోసం తెచ్చిన నీళ్లు సగం అక్కడే అయిపోయాయి.

ఆయన గేటు దాటాక నాన్న మోకాళ్ల మీద కూర్చుని రెండు చేతులతో మట్టి తోడటం మొదలుపెట్టాడు. నేనూ తోడాను. వేళ్లు మండాయి. మట్టి కలిపి పెన్ను ముంచితే అంకె పదకొండు దాటింది. నాన్న పెన్ను కడిగి, తుడిచి, మళ్లీ ముంచాడు. మళ్లీ అదే. బజార్లో దొరికినంత నిమ్మ ఉప్పు తెచ్చాను. షాపులో ఉన్న డబ్బాలన్నీ ఆటోలో వేసుకొచ్చి మొదట్లో గుమ్మరించాం. సున్నం ఒక పక్క కడుగుతుంటే ఇంకో పక్క రాళ్ల మీద నుంచి దిగుతోంది. అడుగుకి దిగేసరికి మొక్క వేర్ల కొసలు గోధుమ రంగులోకి తిరిగి మెత్తగా చేతికొచ్చాయి. పండుగ దాటాక ఆకుల అంచులు మాడాయి, ఆ తర్వాత రాలాయి. నాన్న పుల్లని గోరుతో గీరి చూశాడు. లోపల పచ్చదనం లేదు. ఇంకో వారం చూసి మళ్లీ గీరాడు.

సున్నం పడిన సంగతి పండుగ రోజు వరకూ అమ్మకి ఎవరం చెప్పలేదు. ఎలా చెప్పాలో తెలియలేదు. ఆ రోజు ఆమె మామూలుగా గోడ దగ్గరికి వచ్చి, తలమీద కొంగు సర్దుకుని లోపలికి చూసింది. చూస్తూనే ఉంది. ఆ చివర నుంచి ఈ చివర దాకా, మళ్లీ ఈ చివర నుంచి ఆ చివర దాకా. గోడ పట్టుకుని రెండు అడుగులు పక్కకి వేసి మళ్లీ చూసింది.

"ఏదయ్యా మనది?" అంది.

నాన్న చెయ్యి చాపి చూపించాడు. అమ్మ ఆ వేలి వెంట చూసి, "అన్నీ తెల్లగానే ఉన్నాయి. ఏది?" అంది.

నాన్న అప్పుడు చెప్పాడు, పెద్దాయన సంగతీ, బకెట్టు సంగతీ. అమ్మ విన్నది. చివరికి, "ఆయనకి చెప్పమాకండి. పుణ్యమని చేశాడు" అని మాత్రం అంది. సున్నం గీకేద్దామా అని నేను అడిగాను. దానికీ వద్దంది. గీకింది ఆయన కంటపడితే ఏమైపోతాడు అంది. చెట్టు ఎటూ నిలవనప్పుడు తెల్లగానే ఉండనీ అంది. మంచికి పోతే చెడు ఎదురైందంటారు, అది మంచికి పోయిన వాడికి జరుగుతుందని అంటారు. ఇక్కడ మంచికి పోయినవాడు హాయిగా ఉన్నాడు. ఆ తర్వాతి పండుగకీ ఆయనే ముందు వచ్చి, మేం చేరేలోపే చెల్లెలికి సున్నం కొట్టేశాడు. నాన్న ఆయనకి టీ తాగించాడు.

ఇప్పుడు శుక్రవారం సాయంత్రం నేను అమ్మతోపాటు గోడ బయట ఆగుతాను. నాన్న గేటులోంచి లోపలికి వెళ్లి, సమాధుల మధ్య నుంచి నడిచి, చెల్లెలి తల దగ్గర నిలబడతాడు. అమ్మకి గుర్తుగా. ఆమె ఫాతెహా అయ్యేదాకా అక్కణ్నుంచి కదలడు. మోకాళ్లు నొప్పి, కాసేపటికే ఒక కాలి మీది బరువు ఇంకో కాలి మీదికి మార్చుకుంటూ ఉంటాడు. నేను నిలబడతానంటే ఒప్పుకోడు.

పోయిన వారం అమ్మ గోడ మీద గడ్డం ఆనించి చాలాసేపు చూసింది. పెదవులు కదలలేదు. ఎందుకమ్మా ఆగావని అడిగాను.

"మీ నాన్నని కాస్త పక్కకి జరగమనరా. బిడ్డకి అడ్డంగా ఉన్నాడు" అంది.

నేను కేకేసి చెప్పాను. నాన్న జరిగాడు. అమ్మ కళ్లు మూసుకుని ఫాతెహా మొదలుపెట్టింది.